అక్షరాలకి రంగుల తోకలు: మైనస్ ఎనిమిది పవర్‌కి 1.74 లెన్స్ ఇచ్చిన కేసు

మైనస్ ఎనిమిది పవర్ ఉన్న ఒకామెకి 1.74 లెన్స్, అంటే వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.74 ఉన్న పల్చని లెన్స్, వేయించుకోమని చెప్పింది నేనే. మూడు వారాలు తిరక్కుండానే ఆ కళ్లజోడు పట్టుకుని వచ్చి, "సార్, ఎదురుగా చూస్తే అంతా బాగుంది, పక్కకి చూస్తే మాత్రం అక్షరాలకి తోకలొస్తున్నాయి" అన్నారు. కేసు మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఉంది. నేను ఆ రోజు సరిగ్గా వినలేదు, అంతే. వినకపోవడం వల్ల లెన్సులు ఒకసారి అనవసరంగా, అంటే పూర్తిగా అనవసరంగా కాదు గానీ వేరే తప్పు కోసం, మళ్లీ చేయించాల్సి వచ్చింది.

నేను ఆప్టోమెట్రిస్టుని. రోజూ చేసే పని ఇదే, అయినా వక్రీభవన గుణకం అనే ఒక్క అంకె మీద కళ్లు పెట్టుకుని దాని పక్కనే ఉండే ఇంకో అంకెని వదిలేసిన సందర్భం ఇది. పవర్ రాసేవాళ్లకీ, లెన్సులు అమ్మేవాళ్లకీ, పెట్టుకునేవాళ్లకీ పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను. ఆమె ఎవరో తెలిసే వివరాలేవీ ఇందులో ఉండవు.

ఆమె, ఆమె కళ్లజోళ్లు

వయసు ముప్ఫై దాటింది. లెక్కల ఉద్యోగం, రోజంతా రెండు మానిటర్ల ముందు కూర్చోవాలి, ఒకటి ఎదురుగా, రెండోది ఎడమ పక్కన బాగా దూరంగా. ఈ రెండో మానిటర్ సంగతి నేను మొదటిసారి అడగలేదు. కుడి కన్ను −8.00, ఎడమ కన్ను −8.25 దానికి −0.50 సిలిండర్, అంటే ఒక దిశలో మాత్రమే ఉండే అదనపు పవర్. పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 60 మి.మీ. దిద్దిన చూపు రెండు కళ్లకీ 6/6. కళ్లలో జబ్బేమీ లేదు, వెనక పొర కూడా చూశాను, బాగుంది.

పాత కళ్లజోడు చిన్నది, లెన్స్ వెడల్పు 46, ముక్కు మీది బ్రిడ్జి 20. లెన్స్ మామూలు ప్లాస్టిక్, సీఆర్-39 అంటారు, గుణకం 1.498, పవర్ ఇప్పటికన్నా పావు తక్కువ. ఏళ్ల తరబడి అదే వాడారు, ఒక్క ఫిర్యాదు లేదు, ఆమెకి నచ్చనిదల్లా అంచు మందం, అదీ ఫొటోల్లో పక్కనుంచి గాజు ముక్కలా కనిపిస్తోందని. ఈసారి పెద్ద ఫ్రేమ్ కావాలి, లెన్స్ మాత్రం పల్చగా ఉండాలి అన్నారు. ఎంచుకున్న ఫ్రేమ్ 56 వెడల్పు, 16 బ్రిడ్జి. నేను ఫ్రేమ్ వైపు ఒకసారి, పవర్ వైపు ఒకసారి చూసి, "ఇంత పవర్‌కి 1.74 తప్ప వేరే దారి లేదమ్మా" అన్నాను. అప్పటికి నాకది ఆలోచించాల్సిన విషయంలా కూడా అనిపించలేదు. మైనస్ ఆరు దాటితే హై ఇండెక్స్ (గుణకం ఎక్కువున్న లెన్స్), ఎనిమిదైతే అన్నిటికన్నా పెద్ద అంకె, ఇది చేతికి అలవాటైపోయిన లెక్క.

ఆ లెక్కలో నిజం లేకపోలేదు. కాంతి గాలిలోంచి లెన్స్‌లోకి రాగానే నెమ్మదిస్తుంది, ఏటవాలుగా వస్తే దారి కూడా మార్చుకుంటుంది, అదే వక్రీభవనం. శూన్యంలో కాంతి వేగాన్ని ఆ పదార్థంలోని వేగంతో భాగిస్తే వచ్చే అంకె వక్రీభవన గుణకం. నీటికి 1.333, మన కార్నియాకి (కంటి ముందు పారదర్శక పొర) 1.376, వజ్రానికి 2.417. 1.74 లెన్స్‌లో కాంతి సెకనుకి సుమారు 1,72,000 కిలోమీటర్లే వెళ్తుంది. గుణకం ఎంత ఎక్కువైతే అంత తక్కువ వంపుతోనే కావలసిన పవర్ వస్తుంది. పవర్ అంతా ఒకే తలం మీద ఉందనుకుంటే, మైనస్ ఎనిమిదికి సీఆర్-39లో 62 మి.మీ. వ్యాసార్థంతో గుంట తవ్వాలి, 1.74లో 92 మి.మీ. చాలు. గుంట ఎంత చదునుగా ఉంటే అంచు అంత పల్చన. ఇక్కడిదాకా ఎవరూ తప్పు పట్టలేరు.

మొదటి తప్పుదారి

ఆమె తిరిగొచ్చినప్పుడు చెప్పినవి మూడు. పక్కకి చూస్తే అక్షరాలకి తోకలు, సాయంత్రానికి కళ్లు లాగినట్టుండటం, దూరంలో బోర్డులు పాత అద్దాల్లో కనిపించినంత గట్టిగా కనిపించకపోవడం. మూడు ఫిర్యాదులున్నప్పుడు మూడింటికీ ఒకే కారణం వెతుక్కోవడం మనిషి బలహీనత, నాకూ ఉంది.

లెన్స్ పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టాను. పవర్ సరిగ్గానే ఉంది. రెండు లెన్సుల కేంద్రాల మధ్య దూరం కొలిస్తే 63 వచ్చింది, ఉండాల్సింది 60. ఫిట్టింగ్ చేసిన దగ్గర జరిగిన పొరపాటు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, కేంద్రం నుంచి చూపు ఎంత జరిగితే అంత ప్రిజమ్, అంటే కాంతిని ఒక పక్కకి వంచే గుణం, పుడుతుంది, జరిగిన సెంటీమీటర్లని పవర్‌తో గుణిస్తే సరిపోతుంది. 0.3 ఇంటూ 8 అంటే 2.4 ప్రిజమ్ డయాప్టర్లు (మీటరు దూరంలో ఒక సెంటీమీటర్ జరిపితే ఒకటి), మైనస్ లెన్స్ కాబట్టి బేస్, అంటే లావు భాగం, ముక్కు వైపు. దూరం చూసేటప్పుడు కళ్లు రెండూ బయటికి విడిపోవాల్సి వస్తుంది, అది కంటికి అలవాటు లేని పని. దొరికింది దొంగ అనుకున్నాను. లెన్సులు వెనక్కి పంపి 60కి చేయించాను.

వారం తర్వాత ఫోన్ చేశారు. కళ్లు లాగడం పోయింది, తోకలు మాత్రం అలాగే ఉన్నాయి. "ఇంకేమైనా ఇబ్బందా, ఎదురుగా చూసేటప్పుడు?" అంటే "అబ్బే, ఎదురుగా ఏం లేదు సార్, పక్కకే" అన్నారు. ఆ "అబ్బే" వినగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకో కాసేపట్లో చెప్తాను. మర్నాడు రమ్మన్నాను, ఈసారి గంట సమయం పెట్టుకుని.

తోకలకి రంగు ఉందా?

ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. తెర మొత్తం నలుపు చేసి, దాని మధ్య నిలువుగా ఒక తెల్ల గీత పెట్టాను. గడ్డం చిన్‌రెస్ట్ మీద ఆనించమని, తల కదపకుండా కళ్లు మాత్రమే ఎడమకి తిప్పి ఆ గీత చూడమన్నాను. గీతకి కుడి అంచున నీలం, ఎడమ అంచున నారింజ కనిపిస్తోందన్నారు. తెరని కుడి వైపుకి మార్చాను. రంగులు తారుమారయ్యాయి, ఇప్పుడు నీలం ఎడమ అంచున. తెరని నేరుగా ముందు పెడితే రెండు రంగులూ మాయం.

ఇలా తారుమారవడం చాలా విలువైన ఆధారం. కంట్లో ఏదైనా లోపమైనా, తెరలోదే అయినా, చూపు దిశ మార్చినంత మాత్రాన రంగులు ఇలా చోటు మార్చుకోవు. మైనస్ లెన్స్ అంటే మధ్యలో సన్నగా, అంచుకి పోయేకొద్దీ లావుగా ఉండే గాజు, అంటే కేంద్రం దాటి ఎటు చూసినా దాని లావు వైపు అంచుకే ఉండే పట్టకం. పట్టకం కాంతిని లావు వైపుకి వంచుతుంది, వస్తువు మనకి సన్న వైపుకి జరిగినట్టు కనిపిస్తుంది. నీలం ఎరుపు కన్నా ఎక్కువ వంగుతుంది కాబట్టి నీలం బొమ్మ లెన్స్ మధ్య వైపుకి ఇంకొంచెం ఎక్కువ జరుగుతుంది. ఎడమకి చూస్తే మధ్య కుడి వైపున ఉంటుంది, కుడికి చూస్తే ఎడమ వైపున. ఆమె చెప్పింది అక్షరాలా అదే. ఇక్కడ చిన్న మెలిక: ఆమె ఆఫీసులో చూసేది తెల్ల తెర మీద నల్ల అక్షరాలు, అక్కడ రంగులు దీనికి రివర్స్‌లో ఉంటాయి, ఎందుకంటే రంగు పుట్టేది తెలుపు అంచున, నల్ల అక్షరానికి ఎడమ అంచు అంటే పక్కనున్న తెలుపుకి కుడి అంచు. ఈ మెలిక తెలియకపోతే పేషెంట్ ఒక్కోసారి ఒక్కోలా చెబుతున్నారని మనం వాళ్లని అనుమానిస్తాం.

రంగు ఉందని తేలింది. కానీ మసక అంతా రంగు వల్లేనా? పక్కకి చూసినప్పుడు లెన్స్‌లో ఏటవాలుగా పోయే కాంతికి ఇంకో జబ్బు ఉంటుంది, ఆ కోణంలో అదనపు సిలిండర్ లాంటిది పుడుతుంది, దాన్ని లెన్స్ వంపు సరిగ్గా ఎంచుకుని తగ్గిస్తారు. రెండిట్లో ఏది ఎంతో తేలాలి. దీనికి ఖరీదైన యంత్రం ఏమీ అక్కర్లేదు. నల్ల తెర మీద అవే అక్షరాలు ఒకసారి తెల్లగా, ఇంకోసారి ఆకుపచ్చగా పెట్టాను. తెలుపులో రంగులన్నీ ఉంటాయి, తెర ఇచ్చే పచ్చలో ఇరుకైన ఒక పట్టీయే ఉంటుంది, విడిపోవడానికి దానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎడమకి ముప్ఫై డిగ్రీల దగ్గర తెల్ల అక్షరాలు ఎంతవరకు చదివారో, పచ్చ అక్షరాల్లో దానికన్నా రెండు వరసలు కిందికి చదివారు. పూర్తిగా ఎదురుచూపంత బాగా కాదు, కొంచెం మసక పచ్చలో కూడా మిగిలింది, అది ఏటవాలు కాంతి వాటా. పెద్ద వాటా మాత్రం రంగుదే.

మీలో ఎవరికైనా ఇలాంటి అనుమానం ఉంటే ఈ పచ్చ అక్షరాల పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు, ఫోన్ తెర కూడా సరిపోతుంది.

ఆ రెండో అంకె

ఏ పదార్థానికీ ఒకే వక్రీభవన గుణకం ఉండదు, ఒక్కో రంగు కాంతికి ఒక్కోటి ఉంటుంది. లెన్స్ కవర్ మీద 1.74 అని రాస్తారే, అది పసుపు రంగు దగ్గర ఒక్క తరంగదైర్ఘ్యానికి కొలిచిన విలువ, మామూలుగా హీలియం గీత 587.6 నానోమీటర్లు, కొందరు పాదరసపు పచ్చ గీత 546.1 తీసుకుంటారు. నీలానికి అంతకన్నా కొంచెం ఎక్కువ, ఎరుపుకి కొంచెం తక్కువ. ఎంత తేడా అనేది పదార్థాన్ని బట్టి. పసుపు దగ్గరి గుణకంలోంచి ఒకటి తీసేసి, దాన్ని నీలం, ఎరుపు గుణకాల మధ్య తేడాతో భాగిస్తే వచ్చేది అబ్బే నంబర్. ఇక్కడ నీలం అంటే 486.1, ఎరుపు అంటే 656.3 నానోమీటర్లు. జర్మనీలో జెనా నగరంలో పని చేసిన ఎర్న్‌స్ట్ అబ్బే పేరు మీద వచ్చింది. మనం "అబ్బే, ఏం లేదు" అంటాం చూడండి, ఆ అబ్బే కాదు, నాకు ఫోన్‌లో నవ్వొచ్చింది అందుకే. మా దగ్గర లెన్సుల గురించి మాట్లాడేటప్పుడు ఈ నంబర్‌కి దక్కే గౌరవం మాత్రం నిజంగానే అబ్బే అన్నంత.

నంబర్ పెద్దదైతే రంగులు తక్కువ విడిపోతాయి. సీఆర్-39కి 58. కళ్లజోళ్లకి వాడే క్రౌన్ గాజుకి కూడా దాదాపు అంతే. 1.60 రెజిన్‌కి (లెన్స్ ప్లాస్టిక్) 41 దగ్గర. 1.67కి 32. 1.74కి 32 లేదా 33. పాలీకార్బొనేట్ గుణకం 1.586 మాత్రమే, అబ్బే నంబర్ మాత్రం 30, ఈ జాబితాలో అన్నిటికన్నా అడుగున. అంటే గుణకం పెరిగితే అబ్బే తగ్గుతుంది అన్నది మొత్తం మీద నిజమే గానీ లెక్క గట్టిగా కుదరదు, 1.60 రెజిన్ పాలీకార్బొనేట్ కన్నా పల్చన, రంగు విషయంలోనూ మెరుగు. పిల్లలకీ ఆటలాడేవాళ్లకీ పాలీకార్బొనేట్ ఇచ్చేది పగలదని, చూపు నాణ్యత కోసం కాదు.

ఎందుకిలా అని ఆమె కూడా అడిగారు, నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. పదార్థంలోని ఎలక్ట్రాన్లు కాంతి ఊపుకి ఊగుతాయి, ఆ ఊగడమే కాంతిని నెమ్మదింపజేస్తుంది. పారదర్శకంగా ఉండే వాటన్నిటికీ ఎలక్ట్రాన్లు బలంగా స్పందించే చోటు అతినీలలోహితంలో ఉంటుంది. నీలం ఆ చోటుకి దగ్గర, ఎరుపు దూరం, అందుకే నీలం ఎక్కువ నెమ్మదిస్తుంది. గుణకం పెంచాలంటే తేలిగ్గా ఊగే ఎలక్ట్రాన్లున్న పరమాణువుల్ని వేయాలి, 1.60, 1.67, 1.74 రెజిన్లలో గంధకం కలిపేది అందుకే. గంధకం కలిపాక ఆ బలమైన స్పందన కనిపించే కాంతికి ఇంకా దగ్గరికి జరుగుతుంది. గుణకం పెరిగింది, దాంతోపాటు నీలానికీ ఎరుపుకీ మధ్య తేడా కూడా పెరిగింది. సీఆర్-39లో ఆ తేడా 0.0086 ఉంటే, 1.74లో 0.0231. అడిగిన మేలూ, అడగని కీడూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి.

ఇది కొత్త బాధ కాదు. గాజు యుగంలో సీసం కలిపిన ఫ్లింట్ గాజుదీ ఇదే గుణం, గుణకం ఎక్కువ, రంగుల చీలిక ఎక్కువ. గుణకం ఎక్కువగా, చీలిక తక్కువగా ఉండే గాజు కావాలన్నదే అబ్బే పట్టుదల, 1884లో ఓటో షాట్‌తో, కార్ల్ జైస్‌తో కలిసి జెనాలో గాజు ప్రయోగశాల పెట్టింది ఆ పని మీదే, బేరియం కలిపిన క్రౌన్ గాజులు అక్కడి నుంచే బాగా వాడుకలోకి వచ్చాయి. మైక్రోస్కోపుకి గాజు బరువున్నా పర్వాలేదు. ముక్కు మీద మోసేదానికి ఆ వీలు లేదు.

ఇప్పుడు ఆమె కంటి లెక్క. కొత్త ఫ్రేమ్ కంటికి 15 మి.మీ. దూరంలో కూర్చుంది, పాతది 12 దగ్గర. కన్ను తిరిగే కేంద్రం కార్నియాకి ఇంకో పదమూడున్నర వెనక ఉంటుంది. ముప్ఫై డిగ్రీలు పక్కకి చూస్తే కొత్త లెన్స్‌లో చూపు కేంద్రానికి దాదాపు 16.5 మి.మీ. దూరంలో పడుతుంది, పాతదాంట్లో 14.7. కొత్తదాంట్లో ప్రిజమ్ 1.65 ఇంటూ 8, అంటే 13.2. దాన్ని అబ్బే నంబర్ 32తో భాగిస్తే 0.41 ప్రిజమ్ డయాప్టర్ మేర నీలం, ఎరుపు విడిపోతాయి. పాతదాంట్లో 1.47 ఇంటూ 7.75, అది 11.4, 58తో భాగిస్తే 0.20. సాధారణంగా 0.1 దాటితే మనిషి గమనించే అవకాశం మొదలవుతుందని అనుకుంటాం. అంటే పాత అద్దాల్లోనూ రంగు ఉంది, కానీ ఆమె మెదడు ఏళ్ల క్రితమే దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఒక్కసారిగా రెట్టింపయ్యేసరికి పట్టించుకోక తప్పలేదు. అరవై సెంటీమీటర్ల దూరంలో ఉన్న తెర మీద 0.41 అంటే రెండున్నర మిల్లీమీటర్లు, చిన్న అక్షరం ఎత్తంత. నీలం, ఎరుపు కొసలు కంటికి అంత ప్రకాశంగా కనిపించవు కాబట్టి పూర్తి రెండున్నర తెలియదు, తోకలా సాగినట్టు తెలుస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా తోక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి చాలు.

దూరం బోర్డుల సంగతి కూడా ఇందులోనే తేలింది. మైనస్ లెన్స్ కంటికి దూరం జరిగితే బలం తగ్గుతుంది. 12 దగ్గర పరీక్ష చేసి రాసిన −8.00, 15 దగ్గర కూర్చుంటే −7.81 పని మాత్రమే చేస్తుంది. ముక్కు ప్యాడ్లు సర్దితే సగం తీరే సమస్య, కొలవకపోవడం నా తప్పు.

పరీక్షలో ఎందుకు దొరకలేదు

ఆమె అడిగిన ఇంకో ప్రశ్న నన్ను కాసేపు ఇబ్బంది పెట్టింది. "మరి మీ దగ్గర ట్రయల్ ఫ్రేమ్ పెట్టినప్పుడు ఇవేమీ లేవు కదా సార్?" లేవు. పవర్ పరీక్షకి లెన్సులు మార్చి మార్చి పెట్టే నా ట్రయల్ సెట్‌లోవి క్రౌన్ గాజు లెన్సులు. పైగా చిన్న గుండ్రటి రంధ్రం, మనిషిని ఎదురుగా బోర్డు చూడమంటాం, పక్కకి చూడమని ఎవరూ అడగరు. అంటే నేను ఒక పదార్థంతో చూపు పరీక్షించి, ఇంకో పదార్థంలో లెన్స్ రాసిచ్చాను. లెన్సోమీటర్ కూడా కేంద్రం దగ్గరి పవర్‌నే చెబుతుంది. పరీక్ష గదిలో ఉన్న ఏ పరికరమూ ఈ తేడాని నాకు చూపించదు. తమాషా ఏమిటంటే రోజూ చేసే ఎరుపు-పచ్చ పరీక్ష (ఎరుపు మీది అక్షరాలు స్పష్టమా, పచ్చ మీదివా అని అడిగేది) మొత్తం కంటికి సొంతంగా ఉన్న రంగుల దోషం మీదే నడుస్తుంది, ఎరుపు, పచ్చ మన కంట్లో అర డయాప్టర్ (పవర్ కొలిచే యూనిట్) తేడాతో ఫోకస్ అవుతాయి కాబట్టే అది పని చేస్తుంది. రోజుకి ఇరవైసార్లు దాన్ని వాడుకుంటూ లెన్స్‌కీ అదే జబ్బు ఉండొచ్చని తట్టలేదు.

అసలు సిగ్గుపడాల్సింది

రంగుల సంగతి పక్కన పెట్టండి. పల్చన కోసమే కదా ఇదంతా. రీమేక్ అయిన లెన్స్ చెవి వైపు అంచుని కాలిపర్‌తో కొలిచాను. తర్వాత పాత కళ్లజోడు అంచు కొలిచాను. రెండూ ఏడున్నర మి.మీ. దగ్గర్లోనే ఉన్నాయి, కొత్తది ఒక వెంట్రుక వాసి ఎక్కువే. 1.74 లెన్స్, 1.50 లెన్స్, ఒకే మందం.

మాయ ఏమీ లేదు. పాత ఫ్రేమ్‌లో లెన్స్ వెడల్పు, బ్రిడ్జి కలిపితే 66, పీడీ 60, తేడాలో సగం 3. లెన్స్ కేంద్రాన్ని ముక్కు వైపుకి 3 మి.మీ. జరపాలి, అప్పుడు చెవి వైపు అంచు కేంద్రానికి 26 మి.మీ. దూరం. కొత్త ఫ్రేమ్‌లో 56, 16 కలిపి 72, జరపాల్సింది 6, చెవి వైపు అంచు 34 మి.మీ. దూరం. అంచు మందం ఈ దూరం వర్గంతో పెరుగుతుంది. ఇరవై ఆరు వర్గం 676, ముప్ఫై నాలుగు వర్గం 1156. గుణకం పెంచి సంపాదించిందంతా ఫ్రేమ్ తినేసింది. అదే 46 వెడల్పు, 18 బ్రిడ్జి ఉన్న ఫ్రేమ్ తీసుకుంటే అంచు దూరం 25 మాత్రమే, అందులో 1.60 వేస్తే మందం ఐదున్నర చిల్లర, 1.74 వేస్తే నాలుగున్నర చిల్లర. ఆ ఒక్క మిల్లీమీటర్ కోసం 41 నుంచి 32కి దిగాలా అన్నది ఇక మనిషి ఇష్టం. పెద్ద ఫ్రేమ్‌లో 1.60 వేస్తే మాత్రం తొమ్మిది దాటుతుంది, అది ఎవరూ పెట్టుకోలేరు, నేను "వేరే దారి లేదు" అన్నది ఆ ఫ్రేమ్‌కి నిజమే. ఆ ఫ్రేమే దారి కాదని చెప్పాల్సింది.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఆమె ముందు పెట్టాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆమె లెక్కల మనిషి కదా, 676, 1156 దగ్గర ఆగి, "మరి ఇది ముందే చెప్పొచ్చుగా సార్" అన్నారు. చెప్పొచ్చు.

చివరికి ఏం చేశాం

మూడు దారులు పెట్టాను. అదే కళ్లజోడు ఉంచుకుని తల తిప్పి చూడటం అలవాటు చేసుకోవడం ఒకటి, కొందరికి రెండు నెలల్లో మెదడు సర్దుకుంటుంది, ఆమెకి ఓపిక అయిపోయింది. పాత ఫ్రేమ్‌లోనే కొత్త పవర్ సీఆర్-39 వేయించుకోవడం రెండు, రంగు పరంగా అన్నిటికన్నా శుభ్రం, మందం మళ్లీ మామూలే. మూడోది చిన్న ఫ్రేమ్‌లో 1.60. మూడోదే తీసుకున్నారు. కంటికి దూరం 12 ఉండేలా ముక్కు ప్యాడ్లు సర్దాను, పీడీ ఒక్కో కంటికీ విడిగా కొలిచి రాశాను, ఏఆర్ కోటింగ్ (ప్రతిఫలనాన్ని తగ్గించే పూత) తప్పనిసరి అన్నాను. కోటింగ్ సంగతి ఎందుకంటే గుణకం పెరిగితే ప్రతిఫలనం కూడా పెరుగుతుంది, 1.50కి ఒక తలం నుంచి 4 శాతం వెనక్కి పోతే 1.60కి 5.3, 1.74కి 7.3. రెండు తలాలు కలిపితే కోటింగ్ లేని 1.74 లోంచి 86 శాతం కాంతే కంటికి చేరుతుంది. హై ఇండెక్స్ కోటింగ్ లేకుండా ఇవ్వడం నా దృష్టిలో తప్పు.

ఇంకో పని చేశాం, దానికి లెన్స్ అక్కర్లేదు. ఎడమ పక్కన ఉన్న రెండో మానిటర్‌ని మొదటిదానికి ఆనించి కొంచెం ఆమె వైపుకి తిప్పమన్నాను. ముప్ఫై డిగ్రీల చూపు ఇరవైకి తగ్గింది. చూపు కోణం తగ్గితే తోక కూడా తగ్గుతుంది, ఇదొక్కటే మొదట చేసుంటే సగం గొడవ ఉండేది కాదు.

కొత్త జోడు పెట్టుకుని నెల తర్వాత వచ్చారు. అదే నల్ల తెర, అదే తెల్ల గీత. ముప్ఫై డిగ్రీల దగ్గర నీలం అంచు ఇంకా ఉంది, వెతికితే కనిపిస్తోందన్నారు. లెక్క ప్రకారం 0.29, పాతదానికన్నా ఎక్కువ, గొడవ పెట్టినదానికన్నా తక్కువ, కాబట్టి పూర్తిగా పోవడం కుదరదు, ఆ మాట ముందే చెప్పాను. పనిలో మాత్రం తోకలు తెలియడం లేదన్నారు. దూరం బోర్డులు సరిపోయాయి. మందం గురించి అడిగితే కళ్లజోడు తీసి పక్కనుంచి ఒకసారి చూసుకుని, "పర్లేదు" అన్నారు, అంత సంతోషంగా కాదు. పెద్ద ఫ్రేమ్ మీద మనసు ఇంకా పోలేదు.

1.74 చెడ్డ లెన్స్ అని రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ కేసు నడుస్తుండగానే మైనస్ పద్నాలుగు ఉన్న ఒకాయనకి అదే రాశాను, చిన్న గుండ్రటి ఫ్రేమ్‌లో. అంత పవర్‌కి 1.60 అంచు ఫ్రేమ్‌లో పట్టదు, ఆయనకి పక్కచూపు రంగుల కన్నా ముక్కు మీద బరువు పెద్ద బాధ. 1.67, 1.74 మధ్య అయితే అబ్బేలో తేడా దాదాపు లేదు, అక్కడ పల్చన చూసుకుని ఎంచుకోవచ్చు. మైనస్ మూడు, నాలుగు పవర్ వాళ్లు పెద్ద అంకె అయితే మంచి లెన్స్ అనుకుని అడిగినప్పుడే నాకిప్పుడు చిరాకేస్తుంది, వాళ్లకి దక్కే పల్చన మిల్లీమీటర్‌లో భాగం.

నా ఫారంలో రెండు గళ్లు కలిపాను. ఒకటి ఫ్రేమ్ వెడల్పు, బ్రిడ్జి కలిపిన మొత్తంలోంచి పీడీ తీసేయగా మిగిలేది. రెండోది "పనిలో కళ్లు ఎటు తిరుగుతాయి". ఆ గళ్లు నింపకుండా ఇండెక్స్ గడి దగ్గరికి వెళ్లను. ఆమె వదిలేసిన పెద్ద ఫ్రేమ్ 1.74 జోడు నా బల్ల సొరుగులోనే ఉంది, ఆమె అనుమతితోనే. ఎవరైనా పెద్ద ఫ్రేమ్, పల్చని లెన్స్ రెండూ కావాలన్నప్పుడు దాన్ని బయటికి తీసి, కేంద్రానికి ఒకటిన్నర సెంటీమీటర్ పక్కనుంచి ట్యూబ్‌లైట్ అంచుని చూడమంటాను.